ఆయాసానికి అనుమతి

మధ్యాహ్న భోజనం మధ్యాహ్నమే తినాలని ఇంగా ఆ పొద్దున నిశ్చయించుకుంది. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరి క్లినిక్‌లో ఆమె నర్స్ ప్రాక్టిషనర్. డాక్టరు కాకపోయినా జబ్బు చూడడం, మందు రాయడం ఆమె పని. ఆ మందు రోగికి అందాలో వద్దో తేల్చడం మాత్రం, రోగి మొహం ఎన్నడూ చూడని బీమా కంపెనీ పని.

మొదటి రోగి ఆర్విల్ ముసలాయన, మెడలో అకార్డియన్‌తో వచ్చాడు. సాయంత్రం చర్చి హాల్లో చెల్లెలి పెళ్లిరోజు విందు, ఆయనే వాయించాలి. అయితే ఎన్నాళ్లుగానో పీలుస్తున్న మందును కంపెనీ ఆపేసి, చవకది అంటగట్టింది. అది మొదలు, చొక్కా గుండీలు పెట్టుకున్నా ఆయాసమే.

"కొత్త మందు బ్రహ్మాండం అమ్మా! పాత మందు విలువ తెలిసొచ్చింది," అన్నాడు రొప్పుతూ.

"కూర్చోండి పెద్దాయనా. సాయంత్రానికి పాతదే ఇప్పిస్తా," అని ఇంగా కంపెనీకి ఫోన్ కలిపింది.

ఫోన్లో సంగీతం మొదలైంది. మధ్యమధ్య ఒక గొంతు, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని సిగ్గులేకుండా అబద్ధమాడుతోంది. ఇంగా స్పీకర్ పెట్టి, ఆ పాటలు వింటూనే ఒకరి చెవి, ఇంకొకరి గొంతు చూసింది. మధ్యాహ్నం దాటిపోయింది. ఎవరో మహాతల్లి తన శాండ్‌విచ్‌లో సగం బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

చివరికి ఒకమ్మాయి పలికింది. "మీరు డాక్టరాండీ?"

"నర్స్ ప్రాక్టిషనర్ని. ఏళ్ల తరబడి ఈయన్ని చూస్తున్నది నేనే."

"చవక మందు పనిచెయ్యలేదని ఎలా చెప్తున్నారు?"

"ఎదురుగా రొప్పుతున్నాడమ్మా!"

"మా కంప్యూటర్లో రొప్పు కనబడట్లేదండీ. మా డాక్టరుగారికి కలుపుతా, ఉండండి."

మళ్లీ సంగీతం. కూర్చుని కూర్చుని విసుగెత్తిన ఆర్విల్, ఆ పాటకే జత కలుపుదామని అకార్డియన్ బలంగా లాగాడు. దాని గాలితిత్తి పర్రున చిరిగింది. సరిగ్గా అప్పుడే కంపెనీ డాక్టరు ఫోనెత్తాడు. ఊపిరితిత్తుల సంగతి తేల్చడానికి కంపెనీ నియమించిన ఆయన చర్మవ్యాధుల నిపుణుడు.

"ఈ రోగికి అంత ఖరీదైన మందు దేనికీ..."

ఖర్ర్... గుర్ర్... పీఁ... అంటూ అకార్డియన్ ప్రాణం వదిలింది.

"ఓరి దేవుడా! అది రోగేనా?"

"కాదండీ, అది..."

"ఇంకా వాదిస్తావేంటమ్మా, మనిషి పోతుంటే! మందు ఇచ్చెయ్! అంబులెన్సు నేనే పంపిస్తున్నా!" ఫోన్ పెట్టేశాడు.

నిజం చెబుదామని ఇంగా వెంటనే మళ్లీ ఫోన్ చేసింది. సంగీతం వచ్చింది.

అంబులెన్సు ఊరంతా అదిరేలా కూస్తూ వచ్చింది. అందులోని కుర్రాళ్లు సంగతి విని కడుపుబ్బ నవ్వి, కట్లు కట్టే పట్టీతో తిత్తికి అతుకు వేసిపెట్టారు. ఆ సాయంత్రం ఆర్విల్ పాత మందు పీల్చి, విందు ముగిసేదాకా నిలబడి వాయించాడు. ఇంగా ఒక మూల కూర్చుని మధ్యాహ్నం బల్ల మీదికొచ్చిన ఆ సగం శాండ్‌విచ్ తింది.

మరుసటి వారం ఆర్విల్‌కి కంపెనీ నుంచి కబురొచ్చింది: ముందస్తు అనుమతి లేకుండా వచ్చిన అంబులెన్సు ఖర్చు తాము భరించరట, అభ్యంతరం ఉంటే ఫోన్ చెయ్యాలట.