చదివినవాళ్లందరూ ఏడ్చిన స్క్రిప్టు

ఆ మంగళవారం పొద్దున క్రిసాంతో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇంటి దగ్గర జీప్నీ అనే షేర్‌బండి ఎక్కితే కేసాన్ సిటీలోని మరిలాగ్ టీవీ ఆఫీసుకు గంటా పది నిమిషాలు. ఆ లోపల నూట పద్దెనిమిది పేజీల స్క్రిప్టు ఒకటి చదివేయాలి. ఆఫీసులో కూర్చుని దాని మీద ఒక పేజీ రిపోర్టు రాసి పదింటికల్లా ఇచ్చేయాలి. సాయంత్రం పై అధికారి బేబీ మేడమ్ ఆర్నెల్ల కాంట్రాక్టుల జాబితా మీద సంతకాలు పెడుతుంది. అప్పటికి తన బల్ల మీద చదవని స్క్రిప్టు ఒక్కటి కూడా కనపడకూడదు. ఆ స్క్రిప్టు తన చేతికొచ్చి మూడు వారాలైందన్నది వేరే సంగతి.

క్రిసాంతో ఉద్యోగం స్క్రిప్టు రీడరు, ఆఫీసులో అందరికీ శాంటీ. పదకొండేళ్లుగా ఆర్నెల్లకోసారి కొత్తగా ఉద్యోగంలో చేరుతున్నాడు, అదే కుర్చీలో. కథలు కొనే ఆ విభాగంలో పని పంపకం చాలా పద్ధతిగా ఉంటుంది. స్క్రిప్టును రీడరు చదవాలి. రీడరు రాసిన ఒక్క పేజీని డెవలప్‌మెంట్ ఆఫీసరు చదవాలి. ఆఫీసరు చెప్పింది డ్రామా విభాగం అధిపతి వినాలి. అధిపతి మొహం చూసి చైర్మన్ తలూపాలి. జీతాలు మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటాయి.

జీప్నీలో డ్రైవరు పక్క సీటు దొరికింది. క్రిసాంతో స్క్రిప్టు తీసి అట్ట చూశాడు. 'ఉప్పుమళ్లు. రచన: సొలెదాద్ బతుంబకల్, బులకాన్' అని ఉంది. దాన్ని శ్రద్ధగా చదివి నిద్రపోయాడు. కుబావ్ స్టాపులో ఎవరో మోచేత్తో పొడిస్తే మెలకువ వచ్చింది. దిగిన రెండు నిమిషాలకే కుండపోతగా వాన. గొడుగు ఇంట్లో ఉంది, చేతిలో స్క్రిప్టు ఉంది. మనిషన్నవాడు ఏం చేస్తాడు, నెత్తిమీద పెట్టుకున్నాడు. ఒక రచయిత్రి ఆరేళ్ల కష్టం ఒక బట్టతలను రెండొందల గజాల దూరం కాపాడింది.

ఆఫీసు బాత్రూంలో చూసుకుంటే ప్లాస్టిక్ తొడుగున్న అట్ట ఒక్కటే మిగిలింది. లోపలి పేజీలన్నీ చవక సిరా కారి, నీలం రంగు గంజిముద్దలా అంటుకుపోయాయి. చేతులు ఆరబెట్టుకునే యంత్రం కింద పావుగంట పట్టుకున్నాడు. రెండో పేజీ అంటూ ఒకటి విడిపోతే దాని మీద 'నాన్న' అన్న మాట కనిపించింది, అంతే. ఇంకో ప్రతి పంపమని రచయిత్రికి ఫోన్ చేస్తే మూడు వారాలూ ఏం చేశావని అడుగుతుంది. ఆ సంగతి పైవాళ్లకు తెలిసిందా, సాయంత్రం జాబితాలో తన పేరు ఉండదు. ముద్దను చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని, వచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు.

చదవని కథకు రిపోర్టు రాయడం అతనికి కొత్త కాదు. బేబీ మేడమ్‌కు ఏం కావాలో ఆ భవనంలో లిఫ్టులకు కూడా తెలుసు. ఉప్పు వ్యాపారికి కవల కూతుళ్లు. ఒకతె పసితనంలోనే సముద్రంలో కొట్టుకుపోయి ఉప్పుమళ్లలో కూలిదానిగా పెరుగుతుంది. ఇంకొకతె భవంతిలో పొగరుగా పెరుగుతుంది. మొదటి భాగంలోనే ఒక చెంపదెబ్బ. మధ్యలో ఒకతె గతం మరచిపోతుంది. పతాక సన్నివేశంలో సవతి తల్లి కూలిపిల్ల గాయం మీద గుప్పెడు ఉప్పు పోసి నవ్వుతుంది. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. కింద 'అభిప్రాయం' అన్న చోట ఎప్పట్లాగే 'చూద్దాం' అని రాశాడు. వద్దు అని రాస్తే, అదే కథ పక్క చానెల్లో పేరు తెచ్చుకున్న రోజున ఉద్యోగం పోతుంది. తీసుకోండి అని రాస్తే, ఆడని రోజున పోతుంది. చూద్దాం అన్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

ఆ కాగితం ఎప్పట్లాగే ఇనప అరలోకి వెళ్లి హాయిగా నిద్రపోవలసింది. కానీ సరిగ్గా ఆ పొద్దునే ఏడు గంటల సీరియల్ కూలిపోయింది. తెర మీద ప్రేమించుకోవలసిన జంట బయట కొట్టుకున్నారు. హీరో పక్క చానెల్‌కు వెళ్లిపోయాడు, హీరోయిన్ మాత్రం ఏడాది ఒప్పందంతో ఇక్కడే మిగిలింది. మధ్యాహ్నానికల్లా కొత్త కథ కావాలన్నాడు చైర్మన్. డెవలప్‌మెంట్ ఆఫీసరు జెపోయ్ పరుగున వచ్చి క్రిసాంతో బల్ల మీది కాగితాన్ని లాక్కున్నాడు. వాడికి ముప్పై నాలుగేళ్లు. కథ ఎలా ఉండాలో విదేశంలో రెండు వారాలు శిక్షణ పొంది వచ్చాడు.

"శాంటీ అన్నా! కవలలా? అంటే ఒక్క హీరోయిన్‌తో రెండు వేషాలు! హీరోతో పనే లేదు కదన్నా!"

"అది... అంత గొప్ప కథేం కాదు జెపోయ్. చూద్దాం అని రాశాను, చూశావుగా."

"నువ్వు ఎప్పుడు చూద్దాం అనలేదు చెప్పు? ఇది పైకి పోతుంది, నువ్వు ఊరుకో."

"ఒక్కసారి స్క్రిప్టు..." అంటూ క్రిసాంతో నోరు తెరిచాడు. స్క్రిప్టు ఏదని అడుగుతాడేమో, అక్కడితో కథ ఆగిపోతుందేమోనని ఆశ. పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు.

పదకొండున్నరకు తననూ లోపలికి పిలిచారు. డ్రామా విభాగం అధిపతిని లోకమంతా బేబీ మేడమ్ అంటుంది. ఆ బేబీకి అరవై మూడేళ్లు. ఆవిడ అప్పుడే చైర్మన్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది.

"అవును సార్, నేనే చదివాను. నిన్న రాత్రంతా కూర్చుని చదివాను. రెండుసార్లు ఏడ్చాను సార్. ఆ ఉప్పు పోసే చోట అయితే ఇక ఆపుకోలేకపోయాను."

నిన్న రాత్రి ఆ ఉప్పు ఇంకా క్రిసాంతో బుర్రలో కూడా పుట్టలేదు. పక్కనే నిలబడ్డ జెపోయ్ మాత్రం, "నేను మూడుసార్లు చదివాను మేడమ్, మూడుసార్లూ ఏడ్చాను" అన్నాడు. పై అధికారి కంటే ఒకసారి ఎక్కువ ఏడవడం తప్పని వాడికి ఎవరూ నేర్పలేదు. మేడమ్ చురచురా చూసింది. ఇప్పుడు నిజం చెబితే క్రిసాంతో ఒక్కడే అబద్ధాలకోరు కాడు, మేడమ్ కూడా అవుతుంది. దాన్ని ఈ భవనంలో ఎవరూ క్షమించరు.

"ఆ రచయిత్రిని పిలిపించండి. మూడింటికి ఇక్కడుండాలి. ఒప్పందం ఇవాళే అయిపోవాలి" అంది మేడమ్.

ఎలాగైనా ఆమెను ముందే పట్టుకుని కాళ్లావేళ్లా పడాలని క్రిసాంతో రెండున్నర నుంచే గేటు దగ్గర నిలబడ్డాడు. బులకాన్ బస్సు దిగి, తడిసిన చెప్పులతో వచ్చిందావిడ. నెరిసిన జుట్టు ముడి, చంకలో గుడ్డ సంచి, చేతిలో అరిటాకుల్లో చుట్టిన సుమాన్ అనే బియ్యపు మిఠాయిల పెట్టె. రిటైరైన బడిపంతులమ్మ అని నిలుచున్న తీరులోనే తెలుస్తోంది. లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. ఎనిమిది అంతస్తుల టైము ఉంది.

"టీచర్, ఒక్క మాట. మీ కథలో... ఎక్కడైనా కవలలు ఉన్నారా?"

"కవలలా? లేరే. మా నాన్న, ఆయన దున్నపోతు, ఉప్పుమళ్లు. అంతే కథ."

"పోనీ చెంపదెబ్బ?"

"దున్నపోతును ఒకసారి కర్రతో కొడతాడు. తర్వాత రాత్రంతా బాధపడతాడు. ఎందుకు నాయనా?"

"గతం మరచిపోవడం లాంటిది కూడా ఏమీ..."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకు క్రిసాంతోకు నలభై నాలుగేళ్ల వయసులో చెమట పట్టింది.

"ఎన్ని పేజీలు చదివావు?"

"అట్ట చదివాను టీచర్" అన్నాడు తల వంచుకుని. "మిగతాది వానలో పోయింది."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎదురుగా జెపోయ్ చేతులు చాపి నిలబడ్డాడు. ఆవిడ సంచిని ఇంకాస్త గట్టిగా చంకలో ఇరికించుకుంది. అందులో కాగితాల కట్ట అంచు కనిపిస్తూనే ఉంది.

గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. సుమాన్ పెట్టె విప్పి అందరూ తలా ఒకటి అందుకున్నారు. మేడమ్ నోట్లో సుమాన్ పెట్టుకునే పొగడ్త మొదలుపెట్టింది.

"అమ్మా, మీ కవలలున్నారే, వాళ్లు ఇప్పుడు నా సొంత కూతుళ్లయిపోయారు. ఒక్కటే మార్పు. చెంపదెబ్బ ఒకటి చాలదు, మూడు చేయండి."

సొలెదాద్ ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ఎవరు చదివొచ్చారో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో మొహాలు చూసి చెప్పగలదు.

"మీకు అన్నిటికంటే నచ్చిన చోటు ఏది మేడమ్?"

"నలభయ్యో పేజీ! అక్కాచెల్లెళ్లు అద్దంలో ఒకరినొకరు చూసుకునే చోటు."

"నాకు అరవై రెండోది టీచర్" అన్నాడు జెపోయ్ వెనకపడకుండా. "హెలికాప్టరు దిగే చోటు."

క్రిసాంతో కళ్లు మూసుకున్నాడు. హెలికాప్టరు తను కూడా రాయలేదు.

"చాలా సంతోషం" అంది సొలెదాద్. "ఇంత శ్రద్ధగా చదివేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? మీరన్న మార్పులు రేపటి నుంచే మొదలుపెడతాను. నా దగ్గర ఇంకో ప్రతి లేదు. నేను పంపినది ఇప్పించండి, దాని మీదే దిద్దుతాను."

ఆవిడ సంచిలో ఉన్నదేమిటో తెలిసినవాడు ఆ గదిలో క్రిసాంతో ఒక్కడే. మేడమ్ జెపోయ్ వంక చూసింది. జెపోయ్ క్రిసాంతో వంక చూసి, "స్క్రిప్టులు రీడరు దగ్గరే ఉంటాయి మేడమ్. పోతే ఆయనే పోగొట్టి ఉండాలి" అన్నాడు. మేడమ్ ముందు కాంట్రాక్టుల జాబితా ఉంది. దాని పక్కనే మూత తీసిన పెన్ను ఉంది. క్రిసాంతోకు బతుకంతా ఆ పెన్ను మొన మీద ఉందనిపించింది. భయం ముదిరితే మనిషికి ఒక్కోసారి తెలివి వస్తుంది.

"మేడమ్ దగ్గరే ఉంది కదా జెపోయ్" అన్నాడు మెల్లగా. "నిన్న రాత్రంతా చదివారు. రెండుసార్లు ఏడ్చారు కూడా. చైర్మన్ గారికి చెప్పారు."

ఇప్పుడు మేడమ్ చదవలేదు అనాలి, లేదా పోగొట్టాను అనాలి. ఇలాంటి సమయంలో తడబడేవాళ్లు విభాగాధిపతులు కాలేరు. మేడమ్ సుమాన్ ఆకు మడిచి పక్కన పెట్టింది.

"ఏం చెప్పమంటారమ్మా, పొద్దున్నే వాన నీళ్లు ఇంట్లోకి వచ్చి మొత్తం తడిసి ముద్దయిపోయింది" అంది. ఆవిడ ఉండేది ఇరవై మూడో అంతస్తు. అయినా ఆ రోజు ఆ గదిలో పలికిన మాటల్లో నిజానికి అంత దగ్గరగా వచ్చినది ఇంకొకటి లేదు.

ఆరేళ్ల కష్టం అంది సొలెదాద్. పత్రికలవాళ్లలో తన పాత విద్యార్థులు ఇద్దరున్నారంది. మేడమ్ మొహంలో పౌడరు కింద రంగు మారింది.

"పోనీలెండి, మళ్లీ రాస్తాను" అంది చివరికి. "కానీ ఈసారి పోకూడదు. అందుకని షూటింగ్ అయ్యేదాకా స్క్రిప్టు నా దగ్గరే ఉంటుంది, డైరెక్టరు చేతికి నేనే ఇస్తాను. ఈ ఆఫీసులో ఎవరికీ ఇవ్వను, ఎవరూ అక్షరం మార్చకూడదు. కాంట్రాక్టులో అలా రాయండి."

"అంటే మేం చదవక్కర్లేదా?" అంది మేడమ్. ఆ గొంతులో ఎన్నాళ్లకో దొరికిన ఊరట వినిపించింది. వెంటనే సంతకం పెట్టేసింది.

క్రిసాంతో సొలెదాద్‌ను లిఫ్టు దాకా సాగనంపాడు. బతికిపోయానన్న సంతోషంలో చేతులు పట్టుకోబోయాడు.

"టీచర్, మరి కవలలు? ప్రసారమయ్యాక లేరని తెలిసిపోదూ?"

"హోంవర్కు చేయని పిల్లల్ని చాలామందిని చూశాను నాయనా. వీళ్లు అప్పుడు కూడా చూడరు" అంటూ సంచి తెరిచి, ఆ కాగితాల కట్టను ఒకసారి తడిమి చూసుకుని వెళ్లిపోయింది. అతనికి మాత్రం చెయ్యి ఇవ్వలేదు.

ఐదింటికి మేడమ్ జాబితా ముందేసుకుంది. ఒక్కో పేరు మీదా పెన్ను చకచకా నడిచింది. క్రిసాంతో పేరు దగ్గర ఆగింది.

"శాంటీ, నువ్వు మంచివాడివి. కానీ ఆలోచించు. ఇవాళ ఒక్క పేజీ చదవకుండా సీరియల్ కొన్నాం. చైర్మన్ సంతోషించాడు, రచయిత్రి సంతోషించింది, పని ఒక్క రోజులో అయిపోయింది. ఇకమీదట అందరితోనూ ఇలాగే చేద్దామని నేనూ జెపోయ్ అనుకున్నాం. అలాంటప్పుడు ఇక చదివే మనిషి ఎందుకు చెప్పు?"

పదకొండేళ్లలో ఆవిడ తీసుకున్న నిర్ణయాలన్నిటిలో ఈ ఒక్కదానిలోనే క్రిసాంతోకు తప్పు కనిపించలేదు.