పైవాళ్ళు పీల్చేసిన నెట్

పదకొండింటికి కూతురికి ఇంటర్వ్యూ. తెరమీద ముఖాలు చూసుకుంటూ మాట్లాడే రకం. ఇంతకుముందు రెండు ఉద్యోగాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి, ఇది మూడోది. అందుకే ఆ రోజు పొద్దున్నే డ్రిల్లు మాస్టారు పాత ఈల మెడలో వేసుకుని, పదకొండులోగా ఇంట్లో వైఫై సంగతి తేల్చేస్తానని ప్రకటించారు. ఉద్యోగం ఏమిటని మాత్రం అడగలేదు. చెప్పబోయిన కూతురికి సందూ ఇవ్వలేదు.

మాస్టారు రిటైరై ఆరేళ్ళయినా ఆయన కోపం ఇంకా సర్వీసులోనే ఉంది. ఆయన గొంతెత్తితే గోడమీది బల్లి పక్కింటికి మకాం మారుస్తుందని, గడియారం కాసేపు ఆగి ఆయన చల్లబడ్డాక నడుస్తుందని ఆ వీధిలో చెప్పుకుంటారు. గడియారం సంగతి అబద్ధం కావచ్చు. బల్లి మాత్రం నిజం.

నాలుగు రోజులుగా నెట్ నత్తనడక నడుస్తోంది. కూతురి స్నేహితురాలు తెరమీద నోరు తెరిస్తే మూయడానికి పావుగంట పడుతోంది. ఆ నాలుగు రోజులుగానే మాస్టారి భార్యకి ఇంకో దిగులు. అడుగు మందంగా ఉండే పెద్ద స్టీలు పాలగిన్నె కనిపించడం లేదు. పై వాటాలో ఉండే పళ్ళ డాక్టరు భార్యకి ఎప్పుడో ఇచ్చి మరిచిపోయానేమోనని ఆమె అనుమానం.

మాస్టారు నెట్ కంపెనీకి ఫోన్ చేశారు. ఒకటి నొక్కమని, రెండు నొక్కమని చెప్పిన మర గొంతుతో ఏడు నిమిషాలు తగవు పడ్డారు. చివరికి మనిషి దొరికితే, రౌటర్ ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడమంది. నలభై ఏళ్ళు ఊరి పిల్లలందరితో కవాతు చేయించిన తనకే ఆజ్ఞలా అని మాస్టారు మండిపడ్డారు. రౌటర్ ఒక్కదాన్నే ఆపడం చిన్నతనమనిపించి, తమ వాటా మెయిన్ స్విచ్చే కిందికి లాగారు. మళ్ళీ పైకి తోసేటప్పుడు కోపమంతా చేతిలోకి దిగింది. ఫట్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాన్లు, ఫ్రిజ్, నెట్ అన్నీ ఒకేసారి చల్లబడ్డాయి, మాస్టారు తప్ప.

పదకొండుకి ఐదు నిమిషాలుంది. తప్పు ఎవరిదని మొగుడూ పెళ్ళాలు వాదించుకుంటుంటే, కూతురు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని చప్పుడు కాకుండా పై వాటా మెట్లెక్కింది. ఇద్దరూ చూసుకోలేదు.

కాసేపటికి పైనుంచి, తెరలోంచి ఎవరో మాట్లాడుతున్న గొంతులు వినపడ్డాయి, ఎక్కడా తెగకుండా. మాస్టారి చెవులు నిక్కాయి.

"విన్నావా? మన నెట్ పైవాళ్ళు పీల్చేస్తున్నారు."

"మనకి కరెంటే లేదు కదండీ. ఏం పీలుస్తారు?"

"ముందే పీల్చి దాచుకున్నారు. పళ్ళు పీకేవాడికి నెట్ పీకడం ఒక లెక్కా."

ఆమెకి అది సబబుగానే తోచింది. "అలాగైతే మన పాలగిన్నె కూడా అక్కడే ఉంటుంది. పదండి, నేనూ వస్తా."

డాక్టరు తలుపు తీసీ తీయకముందే మాస్టారు లోపలికి దూసుకెళ్ళి ఈల ఊదారు. పూర్వం ఆ ఈలకి ఆరువందల మంది పిల్లలు ఒక్కసారిగా రాళ్ళైపోయేవారు. డాక్టరూ అయ్యాడు. ల్యాప్‌టాప్ వీపు తలుపువైపు ఉండటంతో, తెరమీద ముగ్గురు అధికారులు చెవులు మూసుకోవడం మాస్టారికి కనపడలేదు. కూతురు అక్కడెందుకుందో ఆలోచించే తీరికా ఆయనకి లేదు. నాలుగు రోజులుగా తాగిందంతా కక్కిస్తానని మొదలెట్టి, డాక్టరు వంశాన్ని ముత్తాతల దాకా పేరుపేరునా పలకరించారు.

కూతురి ముఖం పాలిపోయింది. మూడోదీ పోయినట్టే. తెరలోంచి ఒకాయన అడిగాడు.

"ఎవరమ్మా ఆయన?"

నాన్న అని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. అప్పుడు ఆమెకీ కోపం వచ్చింది. తండ్రిది కాగే కోపం, ఆమెది గడ్డకట్టే కోపం.

"కస్టమర్ అండీ," అని తండ్రివైపు తిరిగింది. "సార్, మీ ఇబ్బంది నాకర్థమైంది. మీ రౌటర్ ఎక్కడుంది సార్?"

సార్ అన్న మాట చెవిన పడి ఆరేళ్ళయింది. మాస్టారు తెలియకుండానే నిటారుగా నిలబడ్డారు.

"నా గదిలో. బీరువా పైన."

"దానికి ఏదైనా అడ్డం ఉందా సార్?"

మాస్టారు నోరు తెరిచి, తెరమీది స్నేహితురాలిలాగా చాలాసేపు అలాగే ఉంచారు.

"మధ్యాహ్నం పడుకుంటే ఆ పచ్చదీపాలు కళ్ళలో పొడుస్తున్నాయని..." గొంతు బాగా కిందికి దిగింది. "ఒక గిన్నె బోర్లించాను."

"ఏ గిన్నె?" అంది భార్య.

ఆ రెండు మాటలూ మాస్టారి ఈల కన్నా గట్టిగా వినపడ్డాయని డాక్టరు ఇప్పటికీ అంటాడు.

తెరమీది ముగ్గురూ నవ్వలేదు. తల వంచుకుని ఏదో రాసుకున్నారు. వాళ్ళది మాస్టారు పొద్దున తిట్టిపోసిన నెట్ కంపెనీయే. ఉద్యోగం, ఫోన్‌లో ఫిర్యాదులు వినడం. సాయంత్రానికల్లా ఉద్యోగం ఇచ్చినట్టు కబురొచ్చింది. అలాంటి కస్టమర్ని రెండు నిమిషాల్లో చల్లార్చిన మనిషి తమ ఆఫీసులో ఇంతవరకూ లేరన్నారట.

ఇప్పుడు ఆ కంపెనీకి ఎవరు ఫోన్ చేసినా, రౌటర్ ఆపి వేసి చూడమనడానికి ముందు, దాని మీద పాలగిన్నె ఏమైనా ఉందేమో చూడమంటున్నారు.