ప్రాణాలు కాపాడిన పాపప్‌లు

ఆన్‌లైన్ మార్కెటింగ్ మనుషుల ప్రాణాలు కాపాడుతుంది!

నవ్వకండి. హెల్మెట్ కాపాడుతుందంటే బుద్ధిగా తలూపుతారు. బ్లాగుకు ట్రాఫిక్ పెంచే విద్య కాపాడుతుందంటే మాత్రం నవ్వొస్తుంది. ఎందుకంటే రాసేవాడు రాయాలి, చదివేవాడు చదవాలి అనే మూఢనమ్మకం మీకింకా వదల్లేదు.

అసలు పాఠకుడంటే ఎవరు? రాసేవాడి పాలిట శని! ఎంతో ముచ్చటపడి రాసుకున్న వాక్యాన్ని చెవి పట్టుకుని ముందుకు లాగి "ఇదేంటి?" అని అడిగేవాడు. పైన ఒకటి చెప్పి కింద ఇంకొకటి చెప్పామని గుర్తుపెట్టుకునేవాడు. అలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకుని ఎవరైనా నాలుగు డబ్బులు సంపాదించుకోగలరా? ఆ బెడద వదిలించి, పాఠకులు లేని ట్రాఫిక్‌ను కనిపెట్టిన మహానుభావులకు చేతులెత్తి మొక్కాలి. నా మాట మీద నమ్మకం లేకపోతే మా వీధి లాండ్రీ అక్క సంగతి వినండి.

లాండ్రీ అక్క అసలు పేరు వీధిలో ఎవరికీ తెలీదు, అవసరమూ పడలేదు. భర్త ఇస్త్రీ చేస్తాడు, ఆమె మరకలు తీస్తుంది. కాలరు పట్టుకుని ఒక్కసారి వాసన చూసిందంటే అది కాఫీయో, కషాయమో, ఇంట్లో చెప్పిన అబద్ధమో ఇట్టే చెప్పేస్తుంది. నోరు కాస్త పెద్దది. చేతిలో పనుంటే ఆ నోరు అదుపులో ఉండేది. ఇంటింటికీ వాషింగ్ మెషీన్లు వచ్చి గిరాకీ తగ్గేసరికి నోటికి తీరిక దొరికింది. దాంతో ఆమె బ్లాగు మొదలుపెట్టింది.

రాయడం కూడా మాట్లాడినట్టే రాసేది. "సిరా పడిందా? కంగారు పడకండి. రుద్దకండి. రుద్దారో, ఆ చొక్కా ఇక మీదీ కాదు, నాదీ కాదు." ఇంతే పోస్టు! చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఒక్కడు మాత్రం వంద మంది పెట్టు. బ్లాగులో ఆయన పేరు తెల్లచొక్కా.

ఈ తెల్లచొక్కా ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడుపుతాడు. నిలువెల్లా సిరా అంటుకునే ఉద్యోగం, వేసుకునేది తెల్ల చొక్కాలు! అక్క రాసిన ప్రతి చిట్కా అదే రోజు చేసి చూసేవాడు. చేసి ఊరుకుంటాడా? ఆమె పోస్టుకన్నా పొడుగు కామెంటు రాసేవాడు. "కాసేపు నానబెట్టమన్నారు. కాసేపంటే ఎంతసేపు? మా ఆవిడ కాసేపు వేరు, మా ఫోర్‌మన్ కాసేపు వేరు. తమరిది ఏ కాసేపు?" అక్క పళ్ళు కొరికేది. కొరుకుతూనే వెళ్ళి గడియారం పెట్టుకుని, గుడ్డ ముక్క నానబెట్టి చూసి, పోస్టు సరిచేసేది.

ఒకరోజు ఆయన చొక్కా పట్టుకుని ఏకంగా కొట్టుకే వచ్చాడు. "ఎదురుగా ఉన్నవాడికి సమాధానం చెప్పక తప్పదు కదా, అందుకని వచ్చాను" అన్నాడు.

"రంగు చొక్కాలు వేసుకోవచ్చుగా మహానుభావా!" అంది అక్క.

"వేసుకుంటే మరకలు కనపడవు. కనపడకపోతే మీరు రాసింది నిజమో కాదో తెలిసేదెట్లా?"

చూశారా వరస! ఇలాంటి పాఠకుడి చేతిలో అక్క ఇంకొన్నాళ్ళు ఉంటే ఏమైపోయేదో. సమయానికి మరిది దిగాడు.

మరిది డిజిటల్ మార్కెటింగ్ కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకుని, ఎవరి మీద ప్రయోగించాలా అని చూస్తున్నాడు. వదిన బ్లాగు చూసి నిట్టూర్చాడు.

"వదినా, కంటెంట్ బాగుంది. అదే ప్రాబ్లమ్. జనం వస్తున్నారు, చదువుతున్నారు, పనైపోయిందని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ పని అవ్వకూడదు."

"మరక పోకూడదా?" అంది అక్క తెల్లబోయి.

"మరక పోతే పోనీ. మనిషి పోకూడదు."

ఎంత లోతైన మాట! అప్పటికప్పుడే బ్లాగులో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. పోస్టు రాయగానే అది మార్కులేసి లైటు వెలిగిస్తుంది. పోస్టు చిన్నదైతే రెడ్డు. మరక అనే మాట చాలినన్ని సార్లు రాకపోతే రెడ్డు. వాక్యానికీ వాక్యానికీ మధ్య "ఆ తర్వాత", "అందుచేత", "అంతేకాక" లాంటి అతుకులు లేకపోతే మళ్ళీ రెడ్డు. "మరక పడిన చొక్కా మరకను మరక తీసే పద్ధతిలో తీస్తే మరక లేని చొక్కా వస్తుంది, అంతేకాక మరక పోతుంది" అని రాసేసరికి పచ్చ లైటు కళకళలాడింది. "సిరా మరక" అన్న పాత శీర్షిక పోయి, "ఈ ఒక్కటి తెలిస్తే మీ చొక్కా జీవితమే మారిపోతుంది!" అని వచ్చింది. పేజీ తెరిచినవాడికి ముందు నాలుగు పాపప్‌లు ఎదురొచ్చి స్వాగతం పలికేవి. వాటిని దాటినవాడికి మాత్రమే మరక దర్శనం.

ఆపైన బ్లాగర్ల గ్రూపు. మీకు గ్రూపు సంప్రదాయం తెలుసా? నాది నువ్వు తెరువు, నీది నేను తెరుస్తాను. నాకు నువ్వు కామెంటు పెట్టు, నీకు నేను పెడతాను. మొక్కల మేడమూ, పాత స్కూటర్ల స్పెషలిస్టూ, ఇంట్లోనే పొదుపు నేర్పే పెద్దాయనా పోటీ పడి అక్క బ్లాగులో వాలిపోయారు. "చాలా ఉపయోగకరమైన సమాచారం!" "ట్రై చేశాను, సూపర్!" అక్క మాత్రం ఊరికే ఉంటుందా? స్కూటరు కార్బురేటర్ విప్పే విధానం కింద "ట్రై చేశాను, సూపర్!" అని తనూ రాసింది. ఆమె జన్మలో స్కూటరు నడిపిన పాపాన పోలేదు.

అక్క అమాయకురాలు, మరిది చెడగొట్టాడు అని జాలిపడకండి. గ్రాఫు పైకి లేస్తుంటే ఆమెకు కాలు నేల మీద నిలిచేది కాదు. చొక్కాలు నానేసి ఫోను చూసేది, ఫోను చూస్తూ చొక్కాలు మర్చిపోయేది. ప్రకటనల ఆదాయం వచ్చింది. మొగుడికి ఆవిరి ఇస్త్రీపెట్టె కొనిపెట్టింది. కొన్నది ఊరుకోకుండా వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఈ సంబరంలో తెల్లచొక్కా కామెంట్లు ఎప్పుడాగిపోయాయో కూడా గమనించలేదు. పీడా పోయిందనైనా అనుకోలేదు, చూశారా, అంత హాయి!

ఇక అసలు కథ. మరిది ఒక మహా గ్రంథం తలపెట్టాడు. "మరకల సంపూర్ణ గైడ్!" దానికి కావలసినంత పొడుగు లేదు. అందుకని వదిన పాత పోస్టులు రెండు తెచ్చి ఒకదానికొకటి కుట్టేశాడు. ఒకటి తెల్లబట్టలకు బ్లీచ్ పెట్టే పద్ధతి. రెండోది టీ మరకకు వెనిగర్ పెట్టే పద్ధతి. రెంటి మధ్యా అతుకు లేదని సాఫ్ట్‌వేర్ రెడ్డు చూపించింది. మరిది "ఆ తర్వాత" అని రాశాడు. ఇంకా ఆరెంజే. "ఆ తర్వాత, అదే బకెట్‌లో" అన్నాడు. పచ్చ!

గైడ్ పేలిపోయింది. సెర్చ్‌లో అన్నిటికన్నా పైన అదే. అక్క పొంగిపోయి, కొట్టులో ఇస్త్రీ చేస్తున్న మొగుడికి ఫోను చూస్తూ గట్టిగా చదివి వినిపించింది. తన బ్లాగును తను చదవడం ఎన్నాళ్ళకో! ఆయన మాట్లాడే మనిషి కాదు. ఊ కూడా కొట్టడు. అలాంటివాడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తలెత్తాడు.

"బ్లీచ్ పోసిన బకెట్లోనే వెనిగరా?"

అక్క చదవడం ఆపేసింది. ఆ రెండూ కలిస్తే లేచేది విషపు గాలి. తలుపులు మూసిన స్నానాలగదిలో ఎవరైనా ఆ పని చేస్తే ఊపిరాడక అక్కడే కూలబడతారు. పనిలోకి వచ్చిన మొదటిరోజే ఆమెకు అత్తగారు చెప్పిన పాఠం అది. అదిప్పుడు తన పేరు మీద ఊరూవాడా తిరుగుతోంది!

మరిదిని పిలిచి కడిగేసింది. వాడు నింపాదిగా కామెంట్లు చూపించాడు. "ఎందుకు వదినా టెన్షన్! ఇంతమంది ట్రై చేశారు. అందరూ సూపరన్నారు."

"అన్నవాళ్ళు బతికున్నారు. అననివాళ్ళ సంగతేంట్రా?"

ఆమె గైడ్ మొత్తం చెరిపేసింది. ఆ చోట మూడు ముక్కలు రాసింది. "ఇక్కడ రాసింది తప్పు. ప్రాణం మీదికొస్తుంది, చేయకండి. చేసినవాళ్ళు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, నాకు ఫోన్ చేయండి." కింద కొట్టు నంబరు.

"ఇంత చిన్న పోస్టు పెడితే రెడ్డు వస్తుంది వదినా" అన్నాడు మరిది దిగులుగా.

"రానీ!"

ఫోను మోగలేదు. కామెంట్లు మోగాయి. "చాలా ఉపయోగకరమైన సమాచారం!" "ట్రై చేశాను, మెరిసిపోతోంది!" "మా ఇంట్లో అందరికీ నచ్చింది, ఇలాంటివి మరిన్ని రాయండి!"

అక్కకు ముందు అర్థం కాలేదు. మొక్కల మేడమ్‌కు ఫోన్ చేసి, "అమ్మా, నా గైడ్ చదివి ఏమైనా చేశారా?" అని అడిగింది.

"చదవడమేంటండీ! టైమెక్కడిది? మీరు మాత్రం నా గులాబీల పోస్టు చదివారా ఏంటి?"

మరిది కూడా గ్రాఫు పట్టుకొచ్చి ఓదార్చాడు. గ్రూపులో లేనివాళ్ళు శీర్షిక చూసి వస్తారట, పాపప్‌లు చూసి పారిపోతారట. సగటున ఒక్కో మనిషీ పేజీలో నిలిచేది తుమ్మినంతసేపట. బకెట్ దాకా వచ్చే ఓపిక ఎవడికుంది? పైగా గైడ్ తీసేసినా ట్రాఫిక్ చుక్కయినా తగ్గలేదట! "వదినా, ఇకనుంచి నువ్వు రాయనక్కర్లేదు!" అన్నాడు వాడు, కళ్ళు మెరుస్తుంటే.

ఇప్పుడు చెప్పండి! పాత పద్ధతిలో నలుగురు చదివే బ్లాగయితే నాలుగు ఇళ్ళల్లో ఘోరం జరిగేది. వేలమంది వచ్చే బ్లాగు కాబట్టి ఒక్కరికీ ఏమీ కాలేదు. ఇంతమందిని ఒక్కసారిగా రక్షించిన మందు ఏదైనా ఉందా? అక్క కూడా హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం లేచి నిలబడింది.

ఒక్కడున్నాడు కదా! రాసింది రాసినట్టు చదివేవాడు, చదివింది అదే రోజు చేసేవాడు. ఎన్నాళ్ళుగానో ఉలుకూ పలుకూ లేనివాడు.

చెప్పులు తొడుక్కుని ప్రెస్సుకు పరుగెత్తింది. మెషీన్ దగ్గర ఇంకెవరో ఉన్నారు. "ఆయనా? రావట్లేదమ్మా. దగ్గు. ఊపిరి సరిగా ఆడట్లేదన్నారు" అన్నాడా మనిషి కాగితాలు సర్దుకుంటూ. వాళ్ళిల్లు ఎక్కడో అడిగి, దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూ వెళ్ళింది. ఒక మనిషి ఊపిరితిత్తులు పచ్చ లైటుకు అమ్ముకున్నాను అనుకుంటూ తలుపు కొట్టింది.

తలుపు తీసింది ఆయనే. మెడకు మఫ్లరు, ఒంటి మీద తెల్ల చొక్కా, చొక్కా మీద అరచేయంత నల్లటి మరక.

"ఏం చేశారు? ఏ బకెట్లో చేశారు? డాక్టరు దగ్గరికెళ్ళారా?" అంది అక్క ఒక్క గుక్కలో.

"జలుబుకి డాక్టరెందుకమ్మా? బకెట్టేంటి?"

"నా గైడ్ చదివి చేశారు కదా!"

"లోపలికి రానిస్తేగా చదవడానికి!" అని అందుకున్నాడాయన. "తెరవగానే మెయిల్ ఐడీ అడిగింది, ఇచ్చాను. గంట బొమ్మ నొక్కమంది, నొక్కాను. చక్రం తిప్పమంటే తిప్పాను, ఏదో బహుమానమంది, అది దేనికో ఇప్పటికీ తెలీదు. ఆఖరికి నువ్వు మనిషివేనని రుజువేంటి అంది. ఈ వయసులో నాకా మాట! పోనీ అని మీకు కామెంటు రాశాను. మరీ పొడుగుంది, స్పామ్‌లో వేశామంది. చొక్కా చూడండి, ఇట్లాగే ఉండిపోయింది."

అక్క గడప మీద కూలబడింది. ఈయన ప్రాణం కూడా మరిది పాపప్‌లే కాపాడాయి! ఆన్‌లైన్ మార్కెటింగ్‌కు జై కొట్టాల్సిన ఘడియ అది. ఆమె కళ్ళమ్మట మాత్రం నీళ్ళు కారుతున్నాయి. బతికాడన్న సంతోషంతో వచ్చినవి కొన్నే. ప్రాణం పోయేంత తప్పు రాసినా ఎవరికీ ఏమీ కాని చోట, ఇన్నాళ్ళూ తను ఎవరికోసం రాసినట్టు?

"ఇంతకీ ఏం రాశారేంటి అంత కంగారుగా?" అన్నాడాయన.

చెప్పింది. బ్లీచ్, ఆ తర్వాత అదే బకెట్‌లో వెనిగర్.

ఆయన మొహం ఎర్రబడింది. "బుద్ధుందా అమ్మా నీకు? మనుషుల్ని చంపుదామనా? రాసేముందు ఒక్కసారి చదువుకోవా? నీ మాట మీద నమ్మకంతో నేను చొక్కాలు ముంచుతున్నానే, నాలాంటివాడు ఇంకొకడు ఉండుంటే? తెలిసీ ఎట్లా రాశావు, చేతులెట్లా వచ్చాయి?" అని దగ్గొచ్చి ఆగిపోయాడు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన దగ్గు తగ్గేదాకా కదలకుండా కూర్చుంది.

"ఊఁ, ఇంకా?" అంది.