సాయం ఉండేవారి పేరు

ఆ రోజు పొద్దున ఆండాళు అనుకున్న పని చిన్నదే. తొమ్మిదిలోపు మండల కేంద్రంలోని బడికి చేరాలి. వికలాంగులను పరీక్షించే డాక్టర్లు ఏడాదికోసారి అక్కడ కూర్చుంటారు. మగనికి చూపు లేదని ఒక కాగితం, తనకు నడక లేదని ఒక కాగితం రాయించుకోవాలి. పింఛను ఆ కాగితాల మీదే వస్తుంది. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, మగ్గం మీద సగంలో ఉన్న చీర పని చూడాలి.

"ఒక్క కాగితం సాలదా?" అన్నాడు సిద్దయ్య.

"నా పేరు మీదిది నాతోనే పోతది. అటెన్క నువ్వేం తింటవ్?"

"నేనే ముందు పోతే?"

"అందుకే రెండు."

సిద్దయ్య ఆమెను తోపుడు బండి మీద కూర్చోబెట్టి, ఆమె దారి చెబుతుంటే వెనక నుంచి తోశాడు.

ఊరి బావుల్లోని ఫ్లోరైడు నీళ్లకు ఆండాళు మోకాళ్లు ఏనాడో బిగుసుకుపోయాయి. సిద్దయ్య కళ్లు పైకి బాగానే ఉంటాయి గానీ, లోపలి నరం ఎండిపోయి తొమ్మిదేళ్లయింది. అయినా మగ్గం ఆగలేదు. ఆమె పక్కన పీట మీద కూర్చుని, పోగు ఎక్కడ తెగిందో చెబుతుంది. ఆమె "ఎడమకు" అంటే అతనూ "ఎడమకు" అని, అక్కడికే వేలు పోనిస్తాడు. మగ్గం చప్పుడులో మాట వినబడిందని తెలియడానికి పెట్టుకున్న పద్ధతి అది.

కళ్ల డాక్టరు గోడకు ఒక అట్ట తగిలించాడు. చదువు రానివాళ్ల కోసం దాని మీద మూడు పళ్ల దువ్వెనల్లాంటి గుర్తులున్నాయి. "పళ్లు ఎటు ఉన్నాయో చెప్పు" అన్నాడు. గది నిండా జనం, గోల. వెనక బెంచీ మీదున్న ఆండాళు నోట "కుడికి" అని సన్నగా వచ్చేసింది.

"కుడికి" అన్నాడు సిద్దయ్య.

"ఇది?"

"పైకి."

"పైకి."

ఆమె నాలుక కరుచుకునే సరికి అయిదు వరుసలు అయిపోయాయి.

"నాక్కూడా ఇంత చూపు లేదు" అని డాక్టరు కాగితం మీద రాసేశాడు.

"అది నేను చెప్పిన సార్. ఆయనకేం కానరాదు."

"ఆయన నోటితోనే చెప్పాడు కదమ్మా. తర్వాత ఎవరు?"

పక్క గదిలో ఎముకల డాక్టరు తల వంచుకుని రాసుకుంటూ, "లేచి నిలబడమ్మా" అన్నాడు. లేవమన్న మాట చెవిన పడితే సిద్దయ్య చేతులకు తెలిసింది ఒకటే పని. వెనక నుంచి ఆమె చంకల కింద చేతులు పెట్టి ఎత్తాడు. అతను ఆమె కంటే బెత్తెడు పొట్టి. డాక్టరు తలెత్తేసరికి ఆండాళు ఒక్కతే నిలబడినట్టు కనబడింది.

"బాగానే నిలబడ్డావు."

"ఇడువయ్యా" అంది ఆండాళు వెనక్కి. అతను వదిలేశాడు. ఆమె బెంచీ మీద కూలబడింది.

"కూర్చోవడం కూడా బాగుంది" అని డాక్టరు ఇంకో టిక్కు పెట్టాడు.

రెండు కాగితాలూ గుమస్తా రఘుపతి బల్ల మీదికి చేరాయి. 'సాయం ఉండేవారి పేరు' అన్న చోట సిద్దయ్య కాగితంలో ఆండాళు, ఆండాళు కాగితంలో సిద్దయ్య అని ఉంది.

"ఆయనకు నువ్వు సాయం, నీకు ఆయన సాయం. సాయం జేసేటోళ్లకు పింఛనెందుకు? వచ్చే ఏడు రాండ్రి."

"వచ్చే ఏటికి ఇద్దరం ఉంటమని రాసియ్యి సారూ, పోతం."

ఆ మాటకు నింపాల్సిన ఫారం రఘుపతి దగ్గర లేదు. లేచి, "మల్ల సూపిస్త. గని ఇద్దరు ఒక్క గదిల ఉండొద్దు. నేనే తోల్కపోత" అన్నాడు.

సిద్దయ్యను చెయ్యి పట్టుకుని కళ్ల గదిలో నిలబెట్టాడు. డాక్టరు దువ్వెన గుర్తు చూపించి అడిగాడు. సిద్దయ్య చెవి వెనక్కి పెట్టి ఎదురు చూశాడు. ఏ మాటా రాలేదు. డాక్టరు కంట్లో టార్చి వేసినా అతను రెప్ప వేయలేదు.

"ఆమె ఏడుంది?" అని మాత్రం అడిగాడు.

ఆ తర్వాత రఘుపతి పక్క గదికి తీసుకెళ్తే, లేవమన్నాక ఆండాళు సిద్దయ్య చేతుల కోసం ఆగింది. రాకపోయేసరికి తనే లేవబోయి ముందుకు పడింది. నేల తగలకముందే రఘుపతి పట్టుకున్నాడు.

ఈసారి డాక్టర్లిద్దరూ ఎక్కువ మాట్లాడకుండా రాశారు. "ఇప్పుడు నీకు తోడెవరు?" అని మాత్రం ఎవరి గదిలో వారు అడిగారు. దంపతులు ఉన్నదున్నట్టు చెప్పారు.

రఘుపతి ముద్రలు వేసి, కాగితాలు ఆండాళు చేతిలో పెట్టబోతూ ఆగాడు. రెండింటి మీదా సాయం ఉండేవారి పేరు రఘుపతి అని ఉంది.

"ఇది కొట్టెయ్యండి సార్" అని కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

"ముద్ర పడ్డాక కొట్టివేత ఉంటే చెల్లదు. మళ్లీ వచ్చే ఏడే."

ఆండాళు కాగితాలను కొంగున ముడి వేసుకుంది. "మా ఊరు దూరమేం గాదు సారూ. అయిదు మైళ్లే."

ఆ నెల నుంచి రఘుపతి సెలవు చీటీల్లో, కారణం దగ్గర, 'నా సాయం మీద ఇద్దరు వికలాంగులు ఉన్నారు' అని రాయసాగాడు. అది కాదనడానికి ఏ ఆఫీసులోనూ కాగితం లేదు.