మధ్యలో క్యారమ్ బోర్డు

భీమశంకరం ఏ పనీ చెయ్యనని అనడు. "ఇప్పుడే" అంటాడు. ఆ 'ఇప్పుడే' మీద వంటింటి కప్పులో పెంకులు పగిలి నెల దాటింది.

"కింద ఆవకాయ జాడీలున్నాయండీ. చుక్క నీళ్ళు పడ్డాయంటే ఏడాది పచ్చడంతా బూజే," అంది కమలాకుమారి. జరుపుదామంటే ఆ అద్దె కొంపలో జానెడు చోటు లేదు.

పెంకులు పోతిరెడ్డిపల్లిలో దొరుకుతాయి. సైకిలుంది. ఆదివారం ఉంది. కానీ ఆదివారం ఇంటివాడు అబ్దుల్ గనీతో క్యారమ్ కూడా ఉంది.

ఓ సాయంత్రం భీమశంకరం పటాన్‌చెరు ఫ్యాక్టరీ నుంచి ఎర్ర చీటీల కట్ట పట్టుకొచ్చాడు.

"ఏమిటివి?"

"ఇమ్మీడియెట్ చీటీలు. తొందరున్న పనికి అంటించు. నీకు నోరు నొప్పి తగ్గుతుంది."

స్టోర్స్ గుమాస్తాగా అతనికో రహస్యం తెలుసు. అక్కడ ప్రతి కాగితానికీ ఎర్ర చీటీ ఉంటుంది కనుక దేన్నీ ఎవరూ ముట్టరు. భార్య కూడా ఇల్లంతా అంటించేస్తుందని అతని ఎత్తు.

ఆవిడ ఒక్కటే అంటించింది. జాడీకి.

"అంటించాను."

"చూశాను. వరసలో ఉంది."

"ఒక్క చీటీకి వరసేమిటండీ? అసలు ఇమ్మీడియెట్ అంటే ఏమిటి?"

"అర్జంటు."

"అర్జంటంటే?"

"ఇమ్మీడియెట్!"

ఆదివారం అరుగు మీదికి టీ తెచ్చి, ఆవిడ అదే మాట గనీని అడిగింది. ఆయన రిటైరైన పంతులు. మాట దొరికితే దాని పుట్టుక చూడందే వదలడు. స్ట్రైకర్ పక్కన పెట్టి, లోపలికెళ్ళి, లావుపాటి డిక్షనరీ మోసుకొచ్చాడు.

"లాటిన్ నుంచి వచ్చిందమ్మా గిది. మీడియస్ అంటే నడుమ. దాని ముందల లేదని చెప్పే ముక్క వెట్టిన్రు. నడుమ ఏదీ లేకుండ, అన్నట్టు. సూడు, మొదట్ల జల్దీ అన్న ముచ్చటే లేదు గిండ్ల!"

"అంటే పనికీ మనిషికీ మధ్య..."

"ఏదీ ఉండొద్దు."

"భలే మాటండీ," అంటూ కమలాకుమారి బోర్డు వైపు చూసింది. భీమశంకరం ఎర్రకాయకి గురిపెట్టి ఉన్నాడు. ఆ చూపు గమనించలేదు.

మర్నాడు సాయంత్రం కుండపోత. బస్సు దిగి తడుస్తూ పరుగెత్తాడు. ఆవకాయ లేని ఏడాదంతా కళ్ళముందు కదిలింది.

వంటిల్లు పొడిగా ఉంది. జాడీలు పొడిగా ఉన్నాయి. తలెత్తాడు. కప్పులోంచి నున్నటి చెక్క, దాని నడుమ ఎర్ర చుక్క, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి చిల్లులు అతన్నే చూస్తున్నాయి.

"నా బోర్డు!"

"పెంకులు సర్దే సత్తయ్యని పిలిచాను. కొత్త పెంకులేవమ్మా అన్నాడు. అవి రాకుండా మీకూ పనికీ మధ్య ఏముందా అని వెతికాను. అదే దొరికింది. కప్పించేశాను."

"మరి మూలల్లో చిల్లులో?"

"గోనెగుడ్డ కుక్కి పైన తారు పూశాడు. చుక్క కారడం లేదు."

"తారా!"

గుమ్మంలోంచి గనీ తొంగిచూశాడు. "పరేషాన్ గాకు సాబ్. పెంకులు తెస్తే బోర్డు దిగుతది. ఆదివారం ఆట ఉన్నది గదా!"

భీమశంకరం సైకిలు తీశాడు. వాన ఇంకా వెలవలేదు.

"కాఫీ తాగి వెళ్ళండి," అంది కమలాకుమారి.

"వద్దులే," అన్నాడు తల వంచుకుని. "మధ్యలో ఏదీ ఉండకూడదుట."