మెల్లగా పోతోంది

ఆ శుక్రవారం పొద్దున్నే లాజిమ్ ఒకటే అనుకున్నాడు. కారు ఏసీలో గ్యాసు ఎక్కడి నుంచి కారిపోతోందో కనిపెట్టి, బాగుచేయించి, సాయంత్రం పెద్దనాన్న హాజీ ధియాబ్‌ను ఎక్కించుకుని జుబైర్ వెళ్లి, తమ్ముడు అమ్జద్‌కు పిల్లనడగాలి.

పోయిన నెలా ఈ పని మీదే వెళ్లారు. బస్రా దాటేలోపే ఏసీ వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. పెద్దాయన చెమటకు ముద్దయిపోయాడు. చేరీ చేరగానే పిల్ల తండ్రి హాజీ జాసిబ్‌తో ఏదో చిన్న మాటకు తగువు పెట్టుకుని, "మీ పిల్లా వద్దు, మీ కాఫీ వద్దు" అని లేచి వచ్చేశాడు. ఆ రోజు నుంచి అమ్జద్ ఇంట్లో తిండి మానేశాడు. బజారులో కబాబులు తింటున్నాడన్నది వేరే సంగతి.

మెకానిక్ ఖయ్యూన్ గ్యాసు నింపినప్పుడల్లా కొన్నాళ్లు కారు మంచుగడ్డలా ఉండేది. తర్వాత మెల్లమెల్లగా మళ్లీ పొయ్యి అయ్యేది. సబ్బునీళ్లు పూసి చూస్తే ఒక్క బుడగా రాలేదు. చివరికి ఖయ్యూన్ గ్యాసుతో పాటు ఒక రంగు మందు ఎక్కించి, ఊదారంగు లైటొకటి చేతికిచ్చాడు. "చీకట్లో చూడు అన్నా. కారే చోట పచ్చగా మెరుస్తుంది."

రాత్రి చూద్దామనుకుంటే లాజిమ్‌కు నిద్ర పట్టేసింది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. జూలై ఎండలో చీకటి ఎక్కడ దొరుకుతుంది? పెట్టె అడుగు నుంచి చలికాలపు బొంత లాగాడు.

"ఏమండీ, ఈ ఎండలో బొంతేంటి? ఒంట్లో బాగా లేదా?" అంది భార్య నధీమా.

"నాకు బాగానే ఉంది. కారుకే బాగాలేదు."

కరెంటు అప్పుడే పోయింది. సాయంత్రం వేసుకోవాల్సిన అబాయా ఇస్త్రీ చేసుకురావడానికి, జనరేటరున్న అక్కగారింటికి నధీమా వెళ్లిపోయింది. లాజిమ్ పెరట్లో కారు బానెట్ ఎత్తి, బొంత కప్పుకుని, ఇంజను మీదికి వంగి, లైటు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకున్నాడు.

గోడ అవతల పక్కింటి ఉమ్ ఫలాహ్ బట్టలారేస్తోంది. ఆమెకు లాజిమ్ గొంతు మాత్రమే వినబడింది. అదీ నూతిలోంచి వచ్చినట్టు.

"మెల్లగా పోతోంది ఖయ్యూన్... ఎక్కడి నుంచి పోతోందో తెలియడం లేదు... సాయంత్రం దాకా నిలుస్తుందంటావా?... అదే భయం. హాజీ జాసిబ్ గుమ్మం ఎక్కేదాకా నిలిస్తే చాలు. తర్వాత పోయినా బాధ లేదు."

ఉమ్ ఫలాహ్ చేతిలోంచి తడిబట్ట జారిపోయింది. ఏదైనా చూసి రావడానికి ముందు ఫోను చెయ్యడం ఆమె అలవాటు. జుబైర్‌లో హాజీ జాసిబ్ వీధిలోనే కాపురముంటున్న కూతురికి చేసింది. "లాజిమ్‌కి ప్రాణం మీదికొచ్చిందే తల్లీ! ఆఖరి ఊపిరిలో కూడా హాజీ గారినే తలుచుకుంటున్నాడు!"

ఇవతల లాజిమ్ పైపులన్నీ, అతుకులన్నీ వెతికాడు. కంప్రెసరు నల్లగానే ఉంది. ముందున్న జల్లెడలాంటి కండెన్సరూ నల్లగానే ఉంది. చెమట కళ్లలోకి కారి, విసుగొచ్చి లైటు పక్కకు తిప్పేసరికి, గ్యాసు ఎక్కించే మూతి చుట్టూ పచ్చటి వలయం మెరిసింది.

"దొరికింది! నువ్వు నింపే చోటే పోతోందయ్యా!"

అవతల ఖయ్యూన్ కాసేపు దగ్గాడు. "లోపలి వాల్వు అరిగిందేమో అన్నా. మాటిమాటికీ విప్పుతాం కదా... నమాజయ్యాక వచ్చి మారుస్తా."

కళ్లు తిరుగుతుంటే లాజిమ్ రంగు మందు అంటిన చేతులతోనే ముఖం, మెడ తుడుచుకుని, నాలుగు చెంబుల నీళ్లు పోసుకుని, తెల్లటి దుప్పటి తడిపి, తలుపు దగ్గర చల్లటి నేల మీద కాళ్ల నుంచి తల దాకా కప్పుకుని పడుకున్నాడు. గోడ మీంచి తొంగిచూసిన ఉమ్ ఫలాహ్ అది చూసి మళ్లీ ఫోను తీసింది.

కాసేపటికి గేటు ముందు మినీబస్సు ఆగింది. హాజీ జాసిబ్, ఆయన తమ్ముడు పరుగున వచ్చారు. వెనకే ఉమ్ ఫలాహ్. అడుగుల చప్పుడుకు లాజిమ్‌కు మెలకువ వచ్చింది. లేవబోతుంటే, పక్కనే ఎవరో కూలబడి ఏడవడం వినిపించింది.

"లాజిమ్! నా తండ్రీ! నాలుగు రోజులు బెట్టు చేసి ఒప్పుకుందామనే అనుకున్నానురా! మీ పెద్దనాన్న మాట పట్టుకుని మొండికేశాను. నా పిల్ల మీ పిల్లే. అమ్జద్‌కే ఇస్తాను."

లాజిమ్ లేవలేదు. ఊపిరి బిగబట్టాడు.

"నీ సంతాపం నలభై రోజులూ కాగానే పెళ్లి చేసేస్తాను. దేవుడి సాక్షి!"

అప్పుడు లేచి కూర్చున్నాడు. రంగు మందు చెవుల వెనక ఇంకా పచ్చగానే ఉంది. ఉమ్ ఫలాహ్ కెవ్వుమంది. హాజీ జాసిబ్ తమ్ముడు బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

"బతికే ఉన్నావా?" హాజీ జాసిబ్ గొంతు కీచుమంది.

"దేవుడి దయ, హాజీ గారూ."

"ఎప్పట్నుంచి వింటున్నావు?"

"మొదట్నుంచీ. పెళ్లి ఎప్పుడో కూడా చెబుతారేమోనని ఆగాను."

"సిగ్గులేదూ! చచ్చాడనుకుని ఇచ్చిన మాట అది. చెల్లదు!"

"దేవుడి సాక్షి అన్నారు కదండీ. ఆయనకు నేను బతికున్న సంగతి తెలుసుగా."

హాజీ జాసిబ్ తలపాగా సర్దుకున్నాడు. సరిగ్గా అప్పుడే నధీమా ఇస్త్రీ అబాయాతో లోపలికొచ్చింది. "అయ్యో, హాజీ గారూ! మేమే బయల్దేరుతున్నాం కదా, ఇంత ఎండలో మీరెందుకొచ్చారు?"

"కాఫీ పెట్టమ్మా," అన్నాడాయన నీరసంగా. కప్పు తీసుకుని, తాగకుండా కింద పెట్టాడు. ఏదైనా కోరేటప్పుడు పెద్దలు చేసేది అదే. "ఒక్కటి ఒప్పుకుంటేనే తాగుతాను. నేను ఏడ్చినట్టు జుబైర్‌లో ఎవరికీ తెలియకూడదు."

"ఒప్పుకున్నాం," అన్నాడు లాజిమ్. ఇద్దరూ తాగారు. గుమ్మం దగ్గర ఉమ్ ఫలాహ్ ఫోను మెల్లగా కొంగు కింద దాచుకుంది.

ఖయ్యూన్ వచ్చి వాల్వు మార్చాడు. ఆ వేసవిలో మళ్లీ గ్యాసు తగ్గలేదు. బాగైన కారెక్కి మొదట జుబైర్ వెళ్లింది ఉమ్ ఫలాహ్, కూతురిని చూడ్డానికి. దారి పొడవునా చలేస్తోందని ఒకటే గోల.