గుమ్మం బయట టీచరమ్మ

ఆ ఉదయం అనూరాధ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త నాగబాబును నెల్లిమర్ల జూట్ మిల్లుకు పంపేసి, జడ వేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని జాకెట్టు చేతులు కత్తిరించడం పాఠం చెప్పాలి. అంతే. కాకపోతే ఆ రోజు క్లాసు చూడడానికి పద్మకుమారి గారు వస్తున్నారు. ఆడవాళ్ళకు ఆన్‌లైన్‌లో కుట్టు నేర్పే విశాఖ సంస్థలో ఆవిడ పెద్ద అధికారి. పాఠం నచ్చితే వచ్చే బ్యాచ్ కూడా అనూరాధదే. నచ్చకపోతే ఇంకో టీచరుది.

"పాఠం బాగా చెబుతారు గానీ, చాట్‌లో పిల్లలు అడిగేది చూడరట మీరు," అని ఆవిడ ముందే ఫోన్‌లో చురక అంటించింది. ఆ 'పిల్లల్లో' సగం మంది అమ్మమ్మలు.

విద్యార్థుల్లో ఇద్దరంటే అనూరాధకు భయం. సముద్రపొడ్డు పల్లెలో పక్కపక్క ఇళ్ళలో ఉండే తోడికోడళ్ళు, దాలమ్మ, మరిడమ్మ. ఒకప్పుడు మరిడమ్మ ముచ్చటపడి కుట్టిపెట్టిన జాకెట్టు దాలమ్మకు మోచెయ్యి దాటి ఎక్కలేదు. "ఇది జాకెట్టా, పీతలకేసే బుట్టా?" అని దాలమ్మ పెళ్ళివారందరి మధ్యా అనేసింది. అప్పట్నుంచి మాటల్లేవు. కుట్టు వచ్చని చూపించడానికి మరిడమ్మ, ఆమెకు రాదని చూపించడానికి దాలమ్మ ఈ కోర్సులో చేరారు.

క్లాసు మొదలైంది. అందరికంటే ముందు ఎప్పటిలాగే మరిడమ్మ వచ్చి కూర్చుంది. చాట్‌లో ఎర్రచుక్క వెలిగింది. ఇవాళ చాట్ వదలకూడదని అనూరాధ గబగబా దాన్ని నొక్కబోయి, పక్కనున్న మీట నొక్కింది. తెర ఖాళీ అయిపోయింది. తన క్లాసులోంచి తనే బయటికి వచ్చేసింది.

మళ్ళీ వెళ్ళబోతే, 'లోపలివారు అనుమతించే వరకు ఆగండి' అని వచ్చింది. టీచరు వెళ్ళిపోతే పెత్తనం ఎవరో ఒకరికి దఖలుపడాలన్నది ఆ యాప్ పెట్టిన నియమం. అందరికంటే ముందొచ్చిన మరిడమ్మకు పడింది. ఆ సంగతి మరిడమ్మకు తెలియదు.

ఇంతలో పద్మకుమారి ఫోన్. "అనూరాధ గారూ, నేను చాలాసేపటి నుంచి బయటే ఉన్నాను. తలుపు తీయరేం?"

"నేనూ బయటే ఉన్నాను మేడం," అనలేక, "తీస్తన్నాను మేడం, తీస్తన్నాను," అని పెట్టేసింది అనూరాధ.

అక్కడ క్లాసులో చాట్ తన పని తాను చేసుకుపోతోంది. 'మేడం ఏరి?' అని ఒకరు. 'కళ్ళు తిరిగినట్టున్నాయి' అని ఇంకొకరు. 'పడిపోనారా?' అని మరొకరు. ఆ ప్రశ్నార్థకం, గరివిడి నుంచి పాఠం వింటున్న తులసికి కనబడలేదు. ఆమె మావ గంగరాజు నాగబాబుతోపాటే మిల్లులో పని చేస్తాడు. వెంటనే ఫోన్ చేసింది. "మావా, మా మేడం పడిపోనారట. నాగబాబు గారికి సెప్పు!"

ఇటు మరిడమ్మ ఫోన్ ఎత్తడం లేదు. గత్యంతరం లేక అనూరాధ దాలమ్మకు చేసింది.

"దాలమ్మా, నాను బయటుండిపోయాను. మరిడమ్మకి సెప్పి నన్ను లోపలికి రానిమ్మనమ్మా."

"అదొక్కటీ సెప్పకండి మేడం. సముద్రంలో దూకమనండి, దూకేస్తాను."

"దూకొద్దు గానీ, గోడ మీంచి ఒక్క కేకెయ్యి. ఆపీసరమ్మ కూడా బయటే ఉన్నారు."

దాలమ్మ కదిలింది. పగ పగే గానీ, ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం ఆ పల్లెలో ఎవరికీ చేతకాదు. గోడ దాటి మరిడమ్మ పెరట్లోకి వెళ్ళి గొంతెత్తింది.

"ఒసే మరిడీ! ఎంతసేపు నిలబెడతావే బయట? తలుపు తియ్యే!"

మరిడమ్మ తలుపు తీసింది. ఇంటి తలుపు.

ఎదురుగా, ఇన్నాళ్ళ తర్వాత, తోడికోడలు. "అక్కా! నా గుమ్మం తొక్కాలనిపించిందా నీకు?" అని మరిడమ్మ దాలమ్మ మెడ కావలించుకుని బావురుమంది. 'నేను కాదే, మేడం' అనడానికి దాలమ్మకు నోరు రాలేదు. వెంటనే ఆమె కూడా ఏడుపు అందుకుంది.

దాలమ్మ చేతిలోని ఫోన్‌లోంచి అనూరాధకు రెండు పెడబొబ్బలు వినబడ్డాయి. "కొట్టుకుంటన్నారా? దాలమ్మా, వదిలెయ్యమ్మా! ఒసే మరిడమ్మా, పెద్దదాన్ని కొట్టకే!" అని అరిచింది. ఎవరూ వినలేదు. కాసేపటికి, "టీ తాగక్కా, సల్లారిపోతాది," అన్న మాట వినబడి అనూరాధ కుర్చీలో కూలబడింది.

టీ అయ్యి, మరిడమ్మ కొత్త జాకెట్టుకు కొలతలు తీస్తూ, చాట్‌లో అడిగినవాళ్ళకు జవాబులు చెబుతుండగా దాలమ్మకు గుర్తొచ్చింది. "ఒసే, మేడం బయటే ఉన్నాది!" ఇద్దరూ మరిడమ్మ ఫోన్ మీద వాలి, కనబడిన మీటనల్లా నొక్కారు. అందులో సరైనదీ ఉంది.

అనూరాధ, పద్మకుమారి ఒకేసారి లోపలికి వచ్చారు. తెర నిండా ఇద్దరే. దాలమ్మ చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది, మరిడమ్మ టేపుతో భుజం కొలుస్తోంది. "అప్పుడు సంక కాడ కొలవలేదక్కా, అక్కడే సెడింది. ఇదిగో, ఇక్కడ వదులుండాల," అంటోంది. తోడికోడళ్ళ కలయికంతా మరిడమ్మ ఫోన్‌లోంచి చూసిన మిగతావాళ్ళు, కింది చిన్న గళ్ళలో కళ్ళు తుడుచుకుంటూనే గుడ్డ మీద గీతలు గీసుకుంటున్నారు. చాట్ నిండా కొలతలు, ప్రశ్నలు, మరిడమ్మ జవాబులు.

సరిగ్గా అప్పుడే అనూరాధ వెనక తలుపు భళ్ళున తెరుచుకుంది. నాలుగు కొబ్బరిబొండాలతో నాగబాబు, హార్లిక్స్ సీసాతో గంగరాజు.

"అనూ! ఏటయినాదే? ఏ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి?"

"నాకేటీ అవలేదు, నువ్వు పక్కకి జరుగు!" అని అనూరాధ పళ్ళ మధ్య నుంచి అంది. ఇక ఈ ఉద్యోగం ఊడినట్టే అనుకుని నిజం చెప్పడానికి సిద్ధపడింది. "మేడం, ఇదంతా నేను కావాలని చెయ్యలేదు..."

"అంత వినయం వద్దండీ," అంది పద్మకుమారి. ఆవిడ కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. "టీచరు బయటికి తప్పుకుని, క్లాసును పిల్లల చేతుల్లో పెట్టడం! పైగా చాట్ ఎంత చురుగ్గా ఉందో చూడండి. నేనింతవరకు ఎక్కడా చూడలేదు."

వచ్చే బ్యాచ్ అనూరాధకే ఇచ్చారు. దాంతోపాటు, క్లాసులోంచి బయటికి రావడం ఎలాగో మిగతా టీచర్లకు నేర్పే బాధ్యత కూడా.